సర్వీసు లైనులో పేర్లుండవు

1979లో, తొలకరి పడే రోజుల్లో, నన్ను ఆదోని టెలిఫోన్ ఎక్స్ఛేంజికి మానిటర్‌గా వేశారు. మానిటర్ అంటే ఆపరేటర్లకు పైన, సూపర్‌వైజర్‌కు కింద. పని సవ్యంగా జరిగితే ఆ మంచి పేరు సూపర్‌వైజర్‌ది, జరగకపోతే ఆ తిట్లు మానిటర్‌వి. అంతకు ముందు కర్నూలులో చాలా ఏళ్ళు ఆపరేటర్‌గా చేశాను. మా నాన్న మంత్రాలయం దగ్గర బడిపంతులు. ఆడపిల్ల పొద్దస్తమానం మొగవాళ్ళ గొంతులు వింటూ కూర్చునే ఉద్యోగమేమిటని మొదట్లో సణిగాడు. మొదటి జీతం ఇంటికి వచ్చాక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

అప్పటి పని తీరు కొంచెం చెప్పకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. ఊరి బయటికి ఫోను చేయాలంటే ఎక్స్ఛేంజికి చెప్పి ట్రంకు కాల్ బుక్ చేసుకోవాలి. ఆపరేటర్ వివరాలు చీటీ మీద రాసుకుని, వంతు వచ్చినప్పుడు అవతలి ఊరి ఆపరేటర్‌ను పిలిచి, బోర్డు మీద ప్లగ్గులు గుచ్చి రెండు తీగెలనూ కలపాలి. ఆపరేటర్లు తమలో తాము మాట్లాడుకోవడానికి వేరే ఒక లైను ఉండేది. దాన్ని సర్వీసు లైను అనేవాళ్ళం. మా చుట్టుపక్కల చిన్న ఎక్స్ఛేంజిలన్నీ ఆ ఒక్క లైనుకే తగిలించి ఉండేవి. ఒకరు మాట్లాడితే చెవికి హెడ్‌సెట్ పెట్టుకున్న వాళ్ళందరికీ వినపడేది. ఏ ఊరి నుంచి మాట్లాడుతున్నారో చెబితేనే తెలిసేది.

ఆ లైను మీద ఊరి పేరే చెప్పాలి, మనిషి పేరు చెప్పకూడదు. ఇది రూలు. ఈ రూలు ఊరికే పుట్టలేదు. లైను మీద చెప్పిన పేరు బయటికి పాకితే దుకాణదారు తన కాల్ ముందు కలపమని ఇంటికి సిఫారసు పంపుతాడు. ఆపరేటర్ ఆడపిల్లయితే డ్యూటీ దిగే వేళకు ఎవడో ఒకడు గేటు దగ్గర సైకిలు ఆనించి నిలబడతాడు. ఆ రూలు వల్ల నేనూ ఎన్నోసార్లు బతికిపోయాను.

పేరు లేకపోయినా స్నేహాలు కుదరకపోలేదు. గుంతకల్లు నుంచి ఒక పెద్దాయన గొంతు వచ్చేది. మాటకు ముందు చిన్న దగ్గు. నాకు జ్వరంగా ఉన్న రోజు నా గొంతును బట్టే కనిపెట్టి, నా చీటీలు సగం తన నెత్తిన వేసుకుని, “నువ్వు సుమ్నే, ఊరికే కూర్చో తల్లీ, నేను చూసుకుంటా” అన్నాడు. ఆయన రిటైరయ్యాడని ఒకరోజు వేరే గొంతు వచ్చి చెబితే తెలిసింది. ఆయన పేరు నాకు ఈ రోజుకీ తెలియదు. అందుకే పేరు లేకపోవడమే పాపమని నేను ఎప్పుడూ అనను.

నేను ఆదోనికి వచ్చిన మరుసటి ఏడు ఎస్తేరు అనే పిల్ల శిక్షణకు నా దగ్గరికి వచ్చింది. దేవనకొండ వైపు పల్లె. అమ్మా నాన్నా కూలికి పోయేవాళ్ళు. హాస్టల్లో ఉండి పదో తరగతి చదివి, పరీక్ష రాసి, తాత్కాలిక ఆపరేటర్‌గా ఎంపికైంది. తాత్కాలికమంటే పిలిచిన రోజు పని, పిలవని రోజు లేదు. ఖాళీ వచ్చినప్పుడు, రికార్డు మీద మచ్చ లేకపోతే పర్మనెంట్ చేస్తారు. వాళ్ళ నాన్న నడుము పడిపోయి మంచం పట్టాడు. తమ్ముళ్ళిద్దరు బడిలో ఉన్నారు. ఆ ఇల్లంతా ఆ పర్మనెంట్ అనే మాట కోసం కాచుకుని కూర్చుంది.

శిక్షణ అయ్యాక ఆమెను ఉరుకుందకు దగ్గరలో ఒక చిన్న ఎక్స్ఛేంజికి వేశారు. ఆ ఊరి పేరు రాయను. ఊరివాళ్ళు ఫోనెత్తితే ‘నంబర్ ప్లీజ్’ అని నేర్పినట్టే అనేది. సర్వీసు లైను మీద మాత్రం తన మాటే మాట్లాడేది. “సెప్పండన్నా, ఈడనే ఉండాను” అనేది. నేను దాన్ని దిద్దలేదు. మాట అర్థమైతే చాలు, అది ఆపరేటర్ల లైను, ఆకాశవాణి కాదు.

ఆ ఏడు పత్తి సీజన్‌లో గొడవ మొదలైంది. పత్తి దిగే నెలల్లో ఆదోని మార్కెట్ ధర ఎంతో తెలుసుకోవాలని చుట్టుపక్కల వ్యాపారులంతా ఒకేసారి ఫోన్ల మీద పడతారు. కాల్ బుక్ చేసుకున్నవాణ్ణి మేం పార్టీ అనేవాళ్ళం. ఆపరేటర్ల మధ్య ఒక చేబదులు వ్యవహారం నడిచేది: ఈ పొద్దు నా పార్టీని ముందు కలుపు, రేపు నీ పార్టీని నేను ముందు కలుపుతాను. ఎస్తేరు దానికి రాలేదు. “వరసలో ఉండేది వరసలోనే పోతాది గదన్నా” అంది. చెప్పింది సరైన మాటే. కానీ పది మందీ చేసే పనిని ఒకరు కాదంటే ఆ ఒక్కరి మీద పది మందికీ మంట పుడుతుంది.

ఆ తర్వాత సర్వీసు లైను మీద ఒక గొంతు మొదలైంది. ముక్కు మూసుకుని, సాగదీసి, “సెప్పండన్నా, ఈడనే ఉండాను” అనేది. లైను మీద ఎక్కడో కిసుక్కుమని నవ్వు వినిపించేది. కొన్నాళ్ళకు మాటలు పెరిగాయి. “ఈ పొద్దు కలుపు తీసేకి పోలేదా అక్కా?” “గొడ్లకు నీళ్ళు పెట్టొచ్చినావా?” అని. మొదట్లో ఆ పిల్ల కూడా నవ్వి ఊరుకుంది. ఒకసారి గట్టిగా తిట్టింది. తిట్టాక ఇంకా ఎక్కువైంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఎలుక కిచకిచమంటే పిల్లికి ఇంకా ఆనందం.

ఒకరోజు ఆ గొంతు ఏడుపు నటిస్తూ, బిడ్డకు బాగాలేదు, ఆసుపత్రికి కలపమంది. ఎస్తేరు కలిపింది. అవతల డాక్టరు ఎత్తగానే ఆ గొంతు, “మా ఎద్దుకు జరమొచ్చింది సారూ” అంది. డాక్టరు మండిపడి ఆమె మీద ఫిర్యాదు రాశాడు. రికార్డు మీద మొదటి మచ్చ అదే.

తర్వాతి సెలవు రోజున ఆమె బస్సెక్కి ఆదోనికి వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది. “అక్కా, పని సరిగ్గా సెయ్యకపోతే నన్ను తిట్టండి, పడతాను. ఈ ఎగతాళి సేసేది ఎవరో, నా ఎదురుగా వచ్చి సెయ్యమనండి,” అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకే కొంచెం తేలికగా ఉండేది.

ఆ గొంతు ఎవరిదో పట్టుకోవాలని నాకు కసి పుట్టింది. మా టెక్నీషియన్ ఖాదర్ బాషాతో చెప్పాను. లైన్లన్నీ ఆదోనిలో ఒక ఫ్రేము మీదికి వస్తాయి. అక్కడ ఒక్కొక్క ఊరిని సర్వీసు లైను నుంచి కాసేపు విడదీయవచ్చు. విడదీసిన ఊరి మాట లైను మీదికి రాదు. ఏ ఊరిని విడదీసినప్పుడు ఆ గొంతు ఆగిపోతే ఆ ఊరివాడే దొంగ. ఇదీ మా ఎత్తు. రోజుకొక ఊరిని తీసి చూశాం. మొదటి రోజు గొంతు వచ్చింది. మరునాడు ఇంకో ఊరిని తీశాం, గొంతు వచ్చింది. అన్ని ఊళ్ళూ అయిపోయాయి. మా సొంత బోర్డును కూడా తీసి చూశాం. ఒక్కరోజు కూడా ఆ గొంతు ఆగలేదు.

లైనులో ఏదో లీకు ఉంది, విడదీసినా మాట జారుతోంది అని నేనన్నాను. ఖాదర్ బాషా హెడ్‌సెట్ మెడలో వేసుకుని నా ముఖం చూశాడు. “లైను బరాబర్ ఉంది మేడం. అది ఒగ గొంతు కాదు. ఒగడు మొదలుపెట్టినాడు, మిగతావాళ్ళు నేర్చుకున్నారు. ముక్కు మూసుకుంటే అందరి గొంతూ ఒగటే,” అన్నాడు.

ఒక్కడు దుర్మార్గుడైతే వాణ్ణి బదిలీ చేయించవచ్చు. వీళ్ళంతా దుర్మార్గులు కారు. పండగకు ఒకరి డ్యూటీ ఒకరు చేసుకునేవాళ్ళు, ఒకరి ఇంట్లో చావైతే చందాలు పంపేవాళ్ళు. ఒక్కొక్కరూ వారానికో మాట అని, హెడ్‌సెట్ తీసి, టీ తాగి, ఆ సంగతి మరిచిపోయేవాళ్ళు. గుంపులో గోవింద.

సర్వీసు లైను మీద ఇకనుంచి ఊరి పేరుతో పాటు మనిషి పేరు కూడా చెప్పాలని నేను రాసి పైకి పంపాను. లైను మీద వెంటనే అలజడి పుట్టింది. మమ్మల్ని దొంగల్ని చేస్తున్నారా అని ప్రతి ఊరివాళ్ళూ విడివిడిగా నాకు ఫోను చేసి అలిగారు. ఆ మధ్యాహ్నం ముక్కుగొంతు, “మానిటరక్కకు మన పేర్లు గావాలంట” అంది. ఆఫీసరు తనిఖీకి వచ్చినప్పుడు నా కాగితాన్ని పక్కన పెట్టాడు. పేర్లు చెప్పకూడదన్నది ఆడపిల్లల కోసం పెట్టిన రూలు, ఒక ఆడపిల్ల కోసం దాన్ని తీసేస్తే రేపు మిగతావాళ్ళకు నేనేం జవాబు చెప్పాలి అన్నాడు. అదీ అబద్ధం కాదు. తర్వాత ఎస్తేరును పిలిపించి, నా ఎదుటే, మంచిగానే చెప్పాడు. ఆ గొంతు వస్తే జవాబు ఇవ్వొద్దు, ప్లగ్గు పీకెయ్, రెండు సార్లు పీకితే వాళ్ళే విసుగుపుట్టి మానేస్తారు అన్నాడు. ఎస్తేరు అలాగేనని తలూపింది. ఆ తర్వాత ఆమె అలాగే చేసింది, గొంతు కూడా కొంచెం తగ్గింది.

మరుసటి శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి జాతర వచ్చింది. ఎక్కడెక్కడి నుంచో బస్సులు వస్తాయి. జనం పొలాల గట్ల మీద, చెట్ల కింద పొయ్యిలు పెట్టుకుని వండుకుంటారు, అక్కడే పడుకుంటారు. ఏటా మా శాఖ జాతరలో ఒక తాత్కాలిక ఫోను పెట్టేది. ఆ ఏడు వేరే జత తీగె దొరకలేదు. దాంతో ఆ ఫోనును సర్వీసు లైనుకే తగిలించారు; దాని కాల్స్ కలపాల్సింది దగ్గరలో ఉన్న ఎస్తేరు. దాన్ని చూసుకోవడానికి నరసప్ప అనే కూలీని పెట్టారు. తీగెలు లాగే పనిలో చేరి కొన్ని నెలలైన మనిషి. ఎవరు ఎత్తినా ముందు ‘ఉరుకుంద జాతర’ అని ఊరు చెప్పాలని ఖాదర్ బాషా అతనికి నేర్పి వచ్చాడు. ఆ వారం నన్ను పని మీద గుంతకల్లుకు పంపారు. తర్వాత జరిగింది నేను విచారణలో విన్నదే.

మధ్యాహ్నం వేళ చిప్పగిరి వైపు నుంచి వచ్చిన ఈరమ్మ అనే ఆమెను పొలం గట్టు మీద పాము కరిచింది. కట్టెపుల్లల కోసం పొదలో చెయ్యి పెట్టింది. మొగుడు బజారప్ప ఆమెను భుజం మీద వేసుకుని ఫోను ఉన్న పందిరి దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. ఆసుపత్రికి ఫోను చేస్తే జీపు పంపుతారని అక్కడ అందరికీ తెలుసు. నరసప్ప హ్యాండిల్ తిప్పాడు. ఎస్తేరు ఎత్తింది. కంగారులో నరసప్ప ఊరి పేరు చెప్పడం మరిచిపోయాడు. “అక్కా, బిర్నా ఆసుపత్రికి ఇయ్యక్కా, ఈడ ఆడమనిషికి పాము కరిసింది,” అన్నాడు.

నరసప్పదీ దేవనకొండ పక్కే. అతని మాట అచ్చం ఆమె మాటే. ఆ లైను మీద ఆ మాట మాట్లాడేది ఆమె ఒక్కతే, ఆమెను వెక్కిరించే వాళ్ళు తప్ప. ఎస్తేరు ప్లగ్గు పీకేసింది.

నరసప్ప మళ్ళీ తిప్పాడు. “ఎగతాళి కాదక్కా” అన్నాడు. ఆ మాట అతను ఎందుకన్నాడని విచారణలో అడిగారు. తనలాంటి వాడు ఫోనులో మాట్లాడితే నమ్మరేమోనని అన్నానన్నాడు. అతను అలా అంటుండగానే లైను మీద ఇంకెవరో, ముక్కు మూసుకుని, “పాముకు పాలు పోసినావా అక్కా?” అన్నారు. నవ్వు వినిపించింది. ఎస్తేరు మళ్ళీ పీకేసింది. ఆ తర్వాత హ్యాండిల్ తిప్పినా ఎత్తలేదు.

జీపు వస్తుందని కొంతసేపు చూసి, రాదని తెలిశాక ఈరమ్మను బస్సు ఎక్కించారు. జాతర జనంలో బస్సు కదలడానికే చాలాసేపు పట్టింది. ఎమ్మిగనూరు చేరేలోపే దారిలో ఆమె ప్రాణం పోయింది. జీపు వచ్చి ఉంటే బతికేదా అని డాక్టరును అడిగారు. బతికేదేమో అన్నాడు. ఆ ‘ఏమో’ ఎస్తేరును జీవితాంతం వదలదని నాకు ఆ క్షణమే అనిపించింది.

విచారణ ఆదోనిలో జరిగింది. ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్ళందరినీ పిలిచారు. మధ్యలో వెక్కిరించింది ఎవరని అడిగితే ఒక్కొక్కరూ నేను కాదన్నారు. ఎవరి గొంతని అడిగితే గుర్తుపట్టలేమన్నారు. వాళ్ళలో ఒక్కరు తప్ప మిగతావాళ్ళంతా నిజమే చెప్పారు. ఆ రోజు వాళ్ళేమీ అనలేదు. అంతకు ముందు అన్నవాటి గురించి ఎవరూ అడగలేదు. తిలా పాపం తలా పిడికెడు. పిడికెడు పిడికెడుగా పంచుకుంటే ఎవరి చెయ్యీ బరువెక్కదు. ఎదుటివాళ్ళకు నచ్చినా నచ్చకపోయినా, రోజుకొక ఊరిని విడదీసి మేం చేసిన పరీక్ష, ఆఫీసరు ఎస్తేరుతో చెప్పిన మాట, రెండూ నా వాంగ్మూలంలో రాశాను. ఆఫీసరు అలా చెప్పినట్టు తనకు గుర్తులేదన్నాడు. నోటిమాటకు రికార్డు ఉండదు. నా వాంగ్మూలం తీసుకున్నారు, ఫైలులో పెట్టారు.

వాంగ్మూలం ఇవ్వడానికి బజారప్ప కూడా వచ్చాడు. తెల్ల పంచె, తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. తన పని అయిపోయాక వెళ్ళకుండా స్విచ్‌రూం గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పార్టీకి ఆపరేటర్ పేరు చెప్పవద్దని మాకు అప్పటికే ఆదేశం ఉంది. లోపల బెంచీ మీద తన వంతు కోసం ఎస్తేరు కూర్చుని ఉంది.

“అమ్మా, ఆ పొద్దు ఫోను ఎత్తింది ఎవరు?” అని అతను నన్ను అడిగాడు. “కొట్లాటకు రాలేదు. ఎందుకు పీకినారో ఒగ మాట అడిగి పోదామని.”

పేరు చెప్పే అధికారం నాకు లేదన్నాను. ఆ మాట నా నోటికే చేదుగా ఉంది. వెనక బెంచీ కదిలిన చప్పుడైంది.

“నేనన్నా,” అంది ఎస్తేరు లేచి నిలబడి. “నా పేరు ఎస్తేరు. పీకింది నేనే.”

అతను ఆమెను చూశాడు. కోపంగా చూస్తాడనుకున్నాను. ఆశ్చర్యంగా చూశాడు. “యాడిదమ్మా నువ్వు? మా పక్క పిల్ల మాదిరే మాట్లాడ్తాండావు,” అన్నాడు. ఆమె ఊరు చెప్పింది. అతను తలపాగాను చేతుల్లో ఒకసారి తిప్పాడు.

“మరి మా మాట నువ్వు గుర్తు పట్టల్యా తల్లీ?”

“పట్టినానన్నా,” అంది. “అందుకే పీకినా.”

అతనికి అది అర్థమైందో లేదో నాకు తెలియదు. మెట్లు దిగి బస్టాండు వైపు వెళ్ళిపోయాడు. గదిలో ఆ వేళ బోర్డు ముందు కూర్చున్న ఆపరేటర్లు వెనక్కి తిరగలేదు.

తాత్కాలిక ఉద్యోగిని తీసేయడానికి చార్జిషీటు కూడా అక్కర్లేదు. ఇకపై సేవలు అవసరం లేదని ఒక కాగితం ఇచ్చారు. ఎస్తేరు ఊరికి వెళ్ళి అమ్మతో పాటు కూలికి పోతోందని తర్వాత విన్నాను. మిగతా ఎవరి మీదా ఏ చర్యా లేదు. లైను మీద కొన్ని వారాలు ఎవరూ అవసరానికి మించి మాట్లాడలేదు. తర్వాత ఆమె చోటికి వేరే ఆపరేటర్ వచ్చాడు. కొంచెం నత్తి ఉన్న మనిషి. అతను చేరిన నెలలోనే ముక్కుగొంతు మళ్ళీ వినిపించింది.

కొన్నేళ్ళకు సూపర్‌వైజర్‌నయ్యాక నా కింద ఉన్న లైన్ల మీద ఒక పద్ధతి పెట్టాను. బయటివాళ్ళకు పేరు చెప్పకండి, లోపలివాళ్ళతో పేరు చెప్పకుండా మాట్లాడకండి. చాలామందికి నచ్చలేదు. నన్ను వెనక ఏమేమో అనుకున్నారు, కానీ ఎవరనుకున్నారో నాకు తెలిసేది. తొంభైలలో ఆ మాన్యువల్ బోర్డులన్నీ తీసేశారు, ఆ పద్ధతీ వాటితోనే పోయింది.

ఆ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నది ఇది. ఎదుటి మనిషిని నమ్మడానికి అతని పేరు తెలియాల్సిన పని లేదు, గుంతకల్లు పెద్దాయన పేరు నాకు తెలియదు. కానీ నువ్వు నోరు జారితే అది నీదేనని ఎవరో ఒకరికి తెలియాలి. పేరు లేని చోట అనేవాళ్ళు తలా ఒక మాటే అంటారు, ఆ మాటలన్నీ పడేది మాత్రం ఒక్కరే. ఆ మనిషి నమ్మకం చచ్చిపోతే, దాని ఫలితం అన్నవాళ్ళ దగ్గరికి రాదు. ఆ లైనుతో ఏ సంబంధమూ లేని ఇంకెవరి మీదో పడుతుంది.